రెండు స్పూన్ల నీళ్ళు

మూడు రోజులుగా తణికాచలాన్ని అందరూ అడుగుతున్నది ఒకటే. గాలి పోయిందా?

పొద్దున్నే గది తుడిచే ఆమె చీపురు ఆపి మరీ అడిగింది. ఆపరేషన్ చేసిన దేవేంద్రన్ డాక్టరు రౌండ్సుకు వచ్చి, కడుపు మీద వేళ్ళు ఆనించి తట్టి చూసి, అదే అడిగాడు. భార్య కాంచన గంటకోసారి మంచం మీదికి వంగి, ఇంటి గుట్టు అడిగినట్టు గుసగుసగా అడుగుతోంది. తిరుత్తణి నుంచి అక్క అలిమేలమ్మ అయితే బస్సులో కూర్చుని ఫోను చేసి, బస్సంతా వినేటట్టు అడిగింది. ఏం చెప్తాడు పాపం? లేదని తల అడ్డంగా ఊపి గోడ వైపు తిరుగుదామనుకుంటాడు. తిరగడానికీ లేదు, కుట్లు పట్టుకుంటాయి.

ముప్పై ఏళ్ళుగా పెళ్ళి వంటలు చేస్తున్న మనిషి అతను. తిరుత్తణికీ తిరువళ్ళూరుకూ మధ్య తెలుగిళ్ళల్లో ముహూర్తం పెట్టుకుంటే ముందు అయ్యవారికి, ఆ వెంటనే తణికాచలం మేస్త్రికి ఫోను పోతుంది. పంక్తి లేచే వేళకు తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ బయటికొచ్చి, సాంబారు ఎట్లుందయ్యా అని అతను అడగాలి, తిన్నవాళ్ళు త్రేన్చి జవాబు చెప్పాలి. అంతటితో అతని పని సరి. అన్నం గొంతు దిగాక ఏమవుతుందో ఏనాడూ ఆలోచించలేదు. వంటవాడికి దాంతో ఏం పని?

ఇప్పుడు సరిగ్గా దాంతోనే పని పడింది. పాండూరు పెళ్ళిలో సాంబారు అండా దించుతుంటే గజ్జల్లో కలుక్కుమంది. అక్కడ ఉబ్బు నాలుగేళ్ళుగా ఉన్నదే. వెల్లకిలా పడుకుని చేత్తో లోపలికి నొక్కి, మీద తుండుగుడ్డ బిగించి కట్టేసి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడేవాడు. కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు మహానుభావుడు. ఆరోజు ఎంత నొక్కినా లోపలికి పోలేదు. రసానికి తాలింపు పెట్టేదాకా పళ్ళు బిగబట్టుకుని, ఆ తర్వాత కూరగాయల గోతాల మీద కూలబడి వాంతులు చేసుకుంటే, పెళ్ళివాళ్ళే కారులో వేసుకుని తిరువళ్ళూరులోని ఈ నర్సింగ్ హోముకు తెచ్చారు. జారిన చిన్నపేగు నొక్కుకుపోయి నల్లబడిందని, అడుగున్నర కోసేసి రెండు కొసలూ కలిపి కుట్టామని డాక్టరు చెప్పాడు. ఇక ఆ కుట్టు అతకాలి, బిగదీసుకున్న పేగు మళ్ళీ కదలాలి. కదిలిందనడానికి గాలే గుర్తు. అంతవరకూ పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. చేతికి సెలైను, ముక్కులోంచి కడుపులోకి ఒక గొట్టం, ఆ గొట్టం కొసన సంచిలోకి చుక్కచుక్కగా ఆకుపచ్చ నీళ్ళు.

పగటి డ్యూటీ నర్సు సెల్వి. పట్టాభిరాం నుంచి ఎలక్ట్రిక్ ట్రైనులో వస్తుంది. ముప్పై దాటి ఉంటాయి, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. మొదటి రోజు అరవంలో నొప్పి ఎలా ఉందని అడిగి, అతను తెలుగులో మూలిగేసరికి నవ్వి, తనూ ఇంటి భాషలోకి దిగింది. ఆమె పని చేస్తుంటే తణికాచలం కళ్ళప్పగించి చూసేవాడు. సంచిలోని నీళ్ళు కొలతగ్లాసులోకి వంచి, కంటి ఎత్తుకు పట్టుకుని చూసి, అట్టమీద రాసుకునేది. దూది తడిపి పెదాలు అద్దేటప్పుడు ఒక్క చుక్క నోట్లోకి జారనిచ్చేది కాదు. పని తెలిసిన చెయ్యి ఎలా ఉంటుందో అతనికి తెలుసు. తన దగ్గర చేరుతామని వచ్చేవాళ్ళను అతను ఉల్లిపాయ తరగమని చెప్పి, మొహం కాదు, చెయ్యే చూస్తాడు.

మూడోరోజు మధ్యాహ్నం సెల్వి స్టెతస్కోపు అతని కడుపు మీద నాలుగు చోట్ల పెట్టి చాలాసేపు విన్నది. ఏమైనా వినబడుతోందా అని అతను అడిగాడు. ఆమె తన చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి అతని చెవుల్లోనే పెట్టింది. ఏమీ లేదు. పెళ్ళివారంతా వెళ్ళిపోయాక కల్యాణమండపంలా ఉంది లోపల.

"పేగు అలిగి పండుకోనుండాది మేస్త్రన్నా. చేత్తో తాకినా అలుగుతాది, మీది కోసి కుట్టినారు గదా. రెండు మూడు దినాలు పడ్తాది" అన్నది సెల్వి. తర్వాత కాంచన వైపు తిరిగి, "అక్కా, తిన్న్యావా?" అని అడిగింది.

కింద క్యాంటీనులో రెండు ఇడ్లీలు తిన్నానని కాంచన తప్పు ఒప్పుకున్నట్టు చెప్పింది. మొగుడు పస్తుంటే తాను తినడం ఆమెకు చిన్నతనంగానే ఉంది. సెల్వి ఆమెను మంచం పక్కకు పిలిచి, చీర మీదనే స్టెతస్కోపు ఆనించింది. కాంచన సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

తణికాచలం విన్నాడు. గుడగుడమని ఒక చప్పుడు. కాసేపు ఆగింది. మళ్ళీ ఎక్కడో సన్నగా, పెద్ద అండాలో పప్పు ఉడకబోయే ముందు అడుగు నుంచి ఒక్కొక్క బుడగే లేచినట్టు. పెళ్ళై ఇరవై ఆరేళ్ళు. పక్కన పడుకున్న మనిషిలో ఇంత పని జరుగుతోందని అతనికి తెలియదు.

అప్పుడు సెల్వి తాపీగా చెప్పుకొచ్చింది. ఇడ్లీ కడుపులో పడగానే అక్కడ పుల్లటి నీళ్ళు ఊరుతాయట, కడుపు దాన్ని రెండు మూడు గంటలు పిసికి జావ చేస్తుందట. ఆ జావను ఒక్కసారిగా వదలదు, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి తోస్తుంది. కాలేయం నుంచి పసరు వచ్చి నూనెనూ నేతినీ విరగ్గొడుతుంది. చిన్నపేగు ఇరవై అడుగులుంటుంది, లోపలంతా టర్కీ తువ్వాలులాగా సన్నటి నూగు. ఒక్కొక్క నూగులో నెత్తురు ఆడుతుంటుంది. అన్నంలో, పప్పులో ఉన్న సత్తువంతా అక్కడే నెత్తుట్లోకి దిగుతుంది. మిగిలిన దాంట్లో నీళ్ళు పెద్దపేగు పిండుకుంటుంది.

"నేను రుబ్బించేది చాలదని ఆడ మళ్ళీ రుబ్బుతారా?" అన్నాడు తణికాచలం.

"మీ వంట నాలిక దాకానే మేస్త్రన్నా. అసలు పంక్తి ఆ తర్వాత. కన్ను, కాలు, గుండె, అన్నీ ఆకులేసుకోని కూర్చోనుంటాయి. వడ్డించేది ఆ నూగే."

ఆమె పక్కగదికి వెళ్ళిపోయింది గానీ అతను ఆ మాట దగ్గరే ఉండిపోయాడు. యాభై రెండేళ్ళు. మండుటెండలో, పొయ్యి సెగలో, ముద్ద ముద్దకూ నీళ్ళు తాగి, వేళకు తినక, రాత్రి పన్నెండుకు చల్లారిన బిరియాని తిని పడుకున్నా, ఆ పేగు ఒక్కనాడూ పని మానలేదు. ఉబ్బి బయటికొచ్చి చెప్పబోతే చేత్తో నొక్కి గుడ్డ కట్టాడు. అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నేండ్లు నా కింద పనిచేసినోళ్ళలో ఇంత నమ్మకంగా ఎవురూ చేయలే కాంచనా. ఒకనాడన్నా కనుక్కోలేదు నేను" అన్నాడు.

కాంచన మూతి తిప్పింది. "నాకు చెప్పకుండా గుడ్డ కట్టుకున్న్యావు చూడు మామా, దానికి నిన్ను ఇంగా అడగలే నేను. ఇంటికి రా, ఉండాది నీకు." అని, అతని నుదురు మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

*

నాలుగోరోజు పొద్దున సంచిలో నీళ్ళు తగ్గాయని డాక్టరు ముక్కుగొట్టం తీయించాడు. నోటికి మాత్రం ఇంకా ఏమీ లేదన్నాడు.

పదకొండుకు అలిమేలమ్మ వచ్చింది. అరవై అయిదేళ్ళ మనిషి, తమ్ముడికి తల్లి తర్వాత తల్లి. మడీ ఆచారం గట్టిది, ఊరు దాటి ఎక్కడికి వెళ్ళినా ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబు నీళ్ళు తప్ప తాగదు. ముందురోజు తిరుత్తణి కొండకు నడిచి ఎక్కి, మూడువందల అరవై అయిదు మెట్లకూ వంగి వంగి పసుపు పూసి కుంకుమ పెట్టి, తమ్ముడి పేర అర్చన చేయించి వచ్చింది. మోకాళ్ళు వాచి ఉన్నాయి. సంచిలో విభూతి పొట్లం, చిన్న డబ్బాలో పంచామృతం.

సెల్వి ఆమెను గుమ్మం దగ్గరే ఆపి, నోటికి ఏమీ ఇవ్వకూడదని, నీళ్ళు కూడా వద్దని, పేగు ఇంకా కదలలేదని చెప్పింది. అలిమేలమ్మ అంతా విని, నాకు తెలీదా పాపా అన్నది. సెల్వి పక్కగదికి, కాంచన మందుల షాపుకు వెళ్ళారు. అక్కా తమ్ముళ్ళు మిగిలారు.

అలిమేలమ్మ తమ్ముడి నుదుట విభూతి పెట్టి, డబ్బా మూత తీసింది. అరటిపండు, బెల్లం, ఖర్జూరం, కలకండ, నెయ్యి, పైన ఏలకులు. నాలుగు రోజుల నుంచి మందుల వాసన తప్ప ఎరగని ముక్కుకు ఆ వాసన తగిలింది. అతను గుటక వేశాడు.

"అక్కా, ఆ పాప వద్దనింది గదా."

"తిండి వద్దనింది. ఇది తిండా? కృత్తిక ఉపవాసం నాడు తినమా మనం? ప్రసాదానికి ఉపవాసం చెడిందా ఎప్పుడన్నా?"

చెడలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి కృత్తికకూ నీళ్ళు ముట్టకుండా కొండెక్కి, అక్కడ చేతిలో పెట్టిన పంచామృతం మాత్రం కళ్ళకద్దుకుని తినేవాళ్ళు. అది తిన్నా ఉపవాసం ఉపవాసమే. దాన్ని తిండి కింద ఎవరూ లెక్కేయలేదు. పైగా అక్క వాచిన మోకాళ్ళతో ఎదురుగా నిలబడి ఉంది. అతను నోరు తెరిచాడు. మూడు స్పూన్లు. అంత రుచి అతను జన్మలో ఎరగడు.

దేవుడి ప్రసాదమైనా పేగుకు తిండే. మూడు గంటలకల్లా కడుపు బిగిసి ఉబ్బింది. నాలుగుకు వాంతి. బేసినులో పసరుతో పాటు ఖర్జూరం ముక్కలు తేలుతుంటే దేవేంద్రన్ డాక్టరు వచ్చి చూశాడు. ఆయన మంచివాడే, కోపం వస్తే మాత్రం ఎదుటివాళ్ళు కనబడరు. ఎవరిచ్చారని అడిగాడు. కాంచన తెల్లబోయి చూసింది.

"సామి ప్రసాదమయ్యా" అన్నది అలిమేలమ్మ. తమ్ముడి ఉబ్బిన కడుపు చూసి ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. "ఇయ్యగూడదని మాకు ఎవురూ చెప్పలేదే."

సెల్వి ఆమె వైపు చూడలేదు. తణికాచలం వైపు చూసింది. గుమ్మం దగ్గర తాను చెప్పిన ప్రతి మాటా మంచం మీద అతనికి వినబడిందని ఆమెకు తెలుసు. అతను కళ్ళు మూసుకున్నాడు.

నొప్పికి మూసుకున్నాడని కాంచన అనుకుంది. నొప్పి ఉంది, కాదనలేం. కానీ కళ్ళు మూసుకున్నది మాత్రం అందుకు కాదు.

డాక్టరు సెల్విని వరండాలో అందరి ముందూ తిట్టాడు. రోగిని చూసుకోవడం చేతకాకపోతే ఇంట్లో కూర్చోమన్నాడు, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె, నేను చెప్పాను సార్ అని ఒకే ఒక్కసారి అన్నది. తర్వాత లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, కొత్త గొట్టం చింపి, కొసకు మందు రాసి, అతని ముక్కులో పెట్టింది. చెయ్యి వణకలేదు. "మింగండి మేస్త్రన్నా. ఇంగొకసారి. మింగండి" అని మెల్లగా చెప్తూ లోపలికి దించింది. బేసిను కడిగి బోర్లించింది, అట్ట మీద రాయవలసింది రాసింది, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కుట్టు ఊడి ఉంటే మళ్ళీ కోయాల్సి వస్తుందని డాక్టరు కాంచనతో చెప్పాడు. రెండోసారి కోస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

*

ఐదోరోజు పొద్దున వేరే నర్సు వచ్చింది. ఆమె కూడా గాలి పోయిందా అనే అడిగింది.

డాక్టరు స్కాను కాగితం వెలుతురుకు పట్టుకుని చూసి, కుట్టు నిలిచింది, నీ అదృష్టం అన్నాడు. కాంచన చేతులు జోడించింది. ఒక మూల స్టూలు మీద అలిమేలమ్మ కూర్చుని ఉంది, ముందురోజు నుంచీ ఇంటికి పోలేదు. డాక్టరు వెళ్ళబోతుంటే తణికాచలం చెయ్యెత్తి ఆపాడు. గొంతులో గొట్టం, మాట గీచుకుంటూ వచ్చింది.

"సార్. ఆ పాప చెప్పినాది. నేను ఇన్న్యాను, మా అక్కా ఇనింది. ఇనే తిన్న్యాను. నిన్న మీరు తిడతా ఉంటే నోరు మూసుకోని పండుకున్న్యాను. ఆ పాప తప్పు రవ్వంత గూడా లేదు."

డాక్టరు కాగితం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. ఆ మాట నిన్ననే చెప్పి ఉండొచ్చు గదా అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆయన సిగ్గు ఆయనది.

అలిమేలమ్మ లేచింది. పెద్దదాన్ని, నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చేశావా అని తమ్ముడిని అడిగింది. చెంబూ సంచీ తీసుకుని, వాచిన కాళ్ళతో మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాంచన వెనకాలే పరిగెత్తింది గానీ వదిన ఆగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా తీయలేదు.

సాయంత్రం డాక్టరు మళ్ళీ వచ్చినప్పుడు ఆ పాపను పిలిపించారా అని తణికాచలం అడిగాడు. తానే స్వయంగా ఫోను చేశానని, సారీ కూడా చెప్పానని, రానంటోందని డాక్టరు చెప్పాడు. అందరి ముందూ తిట్టి ఫోనులో సారీ చెప్తే ఎలా సార్ అన్నదట. సమంజసమే. తణికాచలానికి ఆరోజు నొప్పికన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. కుట్టు నిలబెట్టిన దేవుడికి దణ్ణం పెట్టుకుందామంటే, మూసుకున్న కళ్ళ ముందు సెల్వి తనను చూసిన చూపే కనబడింది.

ఆరోరోజు పదిన్నరకు కాంచన దుప్పటి మడత పెడుతోంది. కిటికీ అవతల ట్రైను కూతేసి వెళ్ళింది. ఆ కూత అణగుతుండగా తణికాచలం మొహం ఒక విధంగా అయింది. ఏమైందని కాంచన అడగబోయేంతలో వినబడింది. చిన్నాచితకా కాదు. ఏ నాదస్వరమైనా పక్కకు తప్పుకోవాల్సిందే.

దుప్పటి కింద పడేసి కాంచన ఏడ్చేసింది. ఏడుస్తూనే వరండాలోకి పరిగెత్తి, పోయింది, మా ఆయనకు గాలి పోయింది అని అరిచింది. పక్కగదుల్లో రోగుల వాళ్ళు బయటికొచ్చారు, గది తుడిచే ఆమె చప్పట్లు కొట్టింది. మంచం మీద తణికాచలం సిగ్గుతో, ఆనందంతో నవ్వుతున్నాడు. నవ్వితే కుట్లు నొప్పి, అయినా నవ్వుతున్నాడు. కాంచన అలిమేలమ్మకు ఫోను చేసింది. తీయలేదు.

డాక్టరు గొట్టం మూయించి, నాలుగు గంటలు చూసి, మూడింటికి తీసేశాడు. రెండు స్పూన్ల నీళ్ళు ఇవ్వండి, అరగంట నిలిస్తే మళ్ళీ రెండు అన్నాడు.

కొత్త నర్సు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. ఆరు రోజుల దాహం. అతను ఆ గ్లాసు వైపు చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు. భయం. మూడు స్పూన్ల తీపికి ఏమైందో కడుపుకు గుర్తుంది. కాసేపాగి తాగుతానన్నాడు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. కాంచన ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు.

నాలుగు దాటాక గుమ్మంలో అలిగి పోయిన మనిషి కనబడింది. అలిమేలమ్మ. ఒక చేతిలో చెంబు, రెండో చేత్తో సెల్వి మణికట్టు పట్టుకుని ఉంది, సంతలో తప్పిపోతుందేమోనని పిల్లను పట్టుకున్నట్టు. వెనక డాక్టరు కూడా ఉన్నాడు. ఆయనను కూడా ఆమే వరండాలోంచి పిలుచుకొచ్చింది. నిన్న ఇక్కడి నుంచి తిరుత్తణికి పోయి, పొద్దున్నే మళ్ళీ రైలెక్కి, తిరువళ్ళూరు దాటి పట్టాభిరాంలో దిగి, నర్సు సెల్వి ఇల్లు యాడ అని వీధి వీధీ అడుక్కుంటూ పోయిందట.

"అయ్యా, ఈ బిడ్డ చెప్పినాది. ఇని గూడా, చెప్పలేదన్న్యాను. నా తమ్ముని కడుపు చూసి భయపడి అన్న్యాను. ఆడ తిట్టినారు గదా, ఆడనే చెప్పల్లని తీసుకోనొచ్చినా" అన్నది అలిమేలమ్మ. వరండాలో ఉన్న వాళ్ళందరికీ వినబడేటట్టే అన్నది.

డాక్టరు సెల్వి వైపు తిరిగి, అందరూ వింటుండగా, నాది తప్పు సిస్టర్ అన్నాడు. ఆ వెంటనే వెళ్ళిపోయాడు.

సెల్వి తన సంచి మేకుకు తగిలించింది. మొహంలో కోపం పూర్తిగా పోలేదు. "రాకూడదనే ఉన్న్యాను అక్కా" అని కాంచనతో అన్నది. "ఈ యమ్మ మా వాకిట్లో కూర్చోని లేవలే. మా అత్త కాఫీ ఇస్తే ఆ కాఫీ తాగి, ఇంగ పోదాం పా అనింది."

కాంచన వదిన వైపు చూసింది. ఆమె చేతిలోని చెంబు వైపు చూసింది. అలిమేలమ్మ, నీళ్ళు ఎవరింట్లోవైతే ఏమే అన్నట్టు మొహం పక్కకు పెట్టుకుంది.

సెల్వి చేతులు కడుక్కుని, బల్ల మీది గ్లాసు తీసి, ఇంకా ఎందుకు తాగలేదని అడిగింది. భయమని తణికాచలం చెప్పాడు. తర్వాత, దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది.

"కండ్లు మూసుకున్న్యాను తల్లీ ఆ దినం. నువ్వు నన్ను చూస్తాంటే కండ్లు మూసుకున్న్యాను."

సెల్వి స్పూను నింపి, గ్లాసు అంచుకు ఆనించి బొట్టు దులిపింది.

"మాటలు తర్వాత మేస్త్రన్నా. ముందు మింగండి."

అతను నోరు తెరిచాడు. నీళ్ళు చల్లగా నాలుక మీద పడి, గొంతు దిగి, రొమ్ము వెనకగా కిందికి పోవడం తెలిసింది. రెండో స్పూను. సెల్వి గోడ గడియారం చూసి అట్ట మీద వేళ రాసుకుంది. కాంచన మంచం ఇనపకమ్మీ పట్టుకుని నిలబడింది. అలిమేలమ్మ స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటూ తమ్ముడి గొంతు వైపే చూస్తోంది. కింద రోడ్డు మీద ఎవరో హారను కొట్టారు. తణికాచలం కట్టు మీద అరచెయ్యి పెట్టుకుని కాచుకున్నాడు. ఎవరికి దణ్ణం పెట్టాలో అన్ని పేర్లూ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఏ పేరూ నోటికి రాలేదు, కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

కడుపు ఉబ్బలేదు. వికారం లేదు.

అరగంట కాగానే సెల్వి మళ్ళీ రెండు స్పూన్లు పోసింది. అవీ నిలిచాయి.